అలసట నెఱిగిన యాత్రికుడు

"పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలిచి నీళ్లు త్రాగుట మేలు" అని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెతను సోమరితనమునకు సమర్థనగా గైకొనువారు కలరు. అది పొరపాటు. పెద్దలు నిలువుమనిరి గాని పనిమాని కూర్చుండుమనలేదు. దూరముననున్న గమ్యమును చేరదలచినవాడు తన బలమెంతయో, దాని నెన్నాళ్లు నిలుపుకొనవలయునో ముందుగా లెక్క చూచుకొనవలయును. పరీక్షకు ముందు మూడు రాత్రులు నిద్రమాని చదివిన బాలుడు, పరీక్షనాడు తెలిసిన ప్రశ్నకే తెల్లముఖము వేయుట మన మెఱిగినదే. అతనికి కొఱతపడినది శ్రమ కాదు. శ్రమను పంచుకొను నేర్పు. ఒక పెద్ద తప్పు చేసి, ఆ తప్పువలన ఈ నేర్పును సంపాదించి, భూగోళపు చివరి అంచున దానిని విడువక నిలుపుకొన్న నావికుని చరిత్ర ఇది.

అతని పేరు రోఆల్డ్ ఆముండ్‌సెన్. అతడు 1872వ సంవత్సరమున నార్వే దేశమునందు ఓడల వ్యాపారము చేయు కుటుంబమున జన్మించెను. కుమారుడు వైద్యుడు కావలయునని తల్లి కోరిక. బాలుని మనస్సు మాత్రము మంచు సముద్రములపై నుండెను. పదునైదేండ్ల ప్రాయమున అతడు ఆంగ్ల నావికుడగు సర్ జాన్ ఫ్రాంక్లిన్ ఉత్తరపు మంచు దేశములందు పడిన బాధల వృత్తాంతమును చదివెను. ఆ గ్రంథములలో బాలుని ఆకర్షించినవి క్రొత్త దేశములు గావు. ఆకలి, చలి, ప్రాణసంకటము. కష్టపడుటయే గొప్పతనమని ఆ లేతవయస్సున అతడు నమ్మెను. దేహమును గట్టిపఱచుకొనుటకై చలికాలమున గది కిటికీలు తెఱచి నిద్రించెడివాడు. తల్లి మరణించిన పిమ్మట వైద్యవిద్యను విడిచి నావికుడయ్యెను.

కష్టమును కోరి తెచ్చుకొనువానికి అది వెంటనే దొరకును. 1896వ సంవత్సరము జనవరి మాసమున ఆముండ్‌సెన్ తన యన్నతో గూడి నార్వేలోని హార్డంగర్ పీఠభూమిని దాటుటకు బయలుదేరెను. రెండు దినముల పని యనుకొని స్వల్పముగా ఆహారము తీసికొనిరి. మంచు తుపాను పట్టుకొనెను. దారి తప్పిరి, ఆహారమును పోగొట్టుకొనిరి. ఒకనాటి రాత్రి ఆముండ్‌సెన్ మంచులో గొయ్యి త్రవ్వుకొని అందులో దూరి పరుండెను. తెల్లవాఱునప్పటికి తడిమంచు గడ్డకట్టి అతనిని బిగించివేసెను. కాలు చేయి కదలలేదు. కేక బయటకు వినరాలేదు. అన్న చాలసేపు వెదకి, గంటల తరబడి మంచును త్రవ్వి అతనిని వెలికి దీసెను. ధైర్యమొక్కటియే చాలదని ఆ యువకునకు అప్పుడు తోచెను.

తరువాత అతడు బెల్జికా యను ఓడపై దక్షిణపు మంచు సముద్రమునకు పోయెను. 1898వ సంవత్సరమున ఆ యోడ మంచుగడ్డలలో చిక్కుకొని, ఏడాదికి పైగా కదలలేకపోయెను. రెండు నెలలకు పైగా సూర్యుడు కనబడలేదు. నావికులు స్కర్వీ యను వ్యాధిచే పీడితులై, దిగులుతో క్రుంగిపోయిరి. కొందఱకు మతి చలించెను. ఓడలోని వైద్యుడు ఫ్రెడరిక్ కుక్ అందఱిచే సీలు, పెంగ్విను ప్రాణుల తాజా మాంసమును తినిపించి రోగమును కుదిర్చెను. దేహము వలెనే మనస్సును అలసిపోవునని, రెంటికిని ఆహారము కావలయునని ఆముండ్‌సెన్ అచ్చట కన్నులార చూచెను.

1903వ సంవత్సరమున అతడు గ్యోవా యను చిన్న యోడలో ఆర్గురు సహచరులతో కెనడాకు ఉత్తరముననున్న సముద్ర మార్గమును కనుగొన బయలుదేరెను. మూడేండ్లలో ఆ కార్యమును సాధించెను. అందులో దాదాపు రెండేండ్లు నెట్సిలిక్ అను ఇన్యూట్ తెగవారి పొరుగున గడపెను. చదువుకొన్నవాడనను గర్వమును విడిచి వారియొద్ద శిష్యుడై, చర్మపు దుస్తులు ధరించుటయు, కుక్కలచే బండ్లు లాగించుటయు, మంచుతో ఇండ్లు కట్టుటయు నేర్చెను. మంచు దేశమున చెమట పోయునట్లు పనిచేయుట ప్రమాదకరము. ఒడలికి పట్టిన చెమట బట్టలలో గడ్డకట్టి, పని ఆగిన మఱుక్షణమున మనిషిని చంపుటకు సిద్ధమగును. కావున ఆ దేశమున తెలివిగల పనివాడు తొందరపడడు, పని మానడు. చెమట పట్టనంత వేగమే అతని వేగము.

పిమ్మట ఆముండ్‌సెన్ ఉత్తర ధ్రువమును చేరనెంచి, ఫ్రామ్ అను ప్రసిద్ధమైన ఓడను సంపాదించెను. ఇంతలో 1909వ సంవత్సరమున ఇద్దఱు అమెరికనులు తామే ఉత్తర ధ్రువమును చేరితిమని ప్రకటించిరి. ఆముండ్‌సెన్ రహస్యముగా తన గమ్యమును దక్షిణ ధ్రువమునకు మార్చుకొనెను. 1910వ సంవత్సరమున ఓడ మదీరా ద్వీపమును చేరిన పిమ్మటనే సహచరులకు ఆ సంగతి తెలిపెను. అప్పటికే బ్రిటిషు నౌకాదళమునకు చెందిన కాప్టెన్ రాబర్ట్ స్కాట్ దక్షిణ ధ్రువమునకు బయలుదేరియుండెను. అతనికి ఒక తంతి మాత్రము పంపబడెను. ఈ గోప్యమును నాడును నేడును మెచ్చనివారు కలరు.

1911వ సంవత్సరము జనవరి మాసమున ఫ్రామ్ ఓడ అంటార్కిటికాలోని తిమింగిలముల అఖాతమును చేరెను. ఒడ్డున తొమ్మండుగురు ఉండుటకు కొయ్య ఇల్లొకటి నిర్మింపబడెను. దానికి ఫ్రామ్‌హైమ్ అని పేరిడిరి. ధ్రువమునకు పోవు దారిలో 80, 81, 82 అక్షాంశములయొద్ద ఆహారపు నిలువలు దాచిరి. తుపానులో దారి తప్పినవారికి సైతము కనబడునట్లు వానికి ఇరువైపుల జెండాలు వరుసగా పాతిరి. ఏప్రిలు మాసమున సూర్యుడు అస్తమించెను. మరల ఆగస్టు మాసమున గాని ఉదయింపలేదు.

ఆ నాలుగు నెలల రాత్రిని వారు గడపిన రీతి గమనింపదగినది. బెల్జికా ఓడలోని దిగులు తిరిగి కలుగకుండ ఆముండ్‌సెన్ జాగ్రత్త పడెను. పనికి వేళలుండెను, విశ్రాంతికిని వేళలుండెను. బండ్లను చిత్రికపట్టి తేలిక చేయువాడొకడు, గుడారములు కుట్టువాడొకడు, పెట్టెలు సర్దువా డొకడు. సాయంకాలము కాగానే పనిముట్లు ప్రక్కన బెట్టవలసినదే. వంటవాడగు లిండ్‌స్ట్రోమ్ ఉదయమున వేడివేడి అట్లు పోసి పండ్లపాకముతో వడ్డించెడివాడు. బయటి చలి ఎన్ని డిగ్రీలుండునో ప్రతి ఉదయమును ఒక్కొక్కరు ఊహించి చెప్పు పందెమొకటి పెట్టుకొనిరి. ఆదివారము సెలవు. ఇంత దూరమువచ్చి ఆటలాడుటయేమని ఎవరును అనుకొనలేదు. ఆ వినోదము కూడ యాత్రకు కావలసిన సామగ్రిలో ఒక భాగమే.

అయినను, ఇంత ఎఱిగినవాడును పొరబడెను. స్కాట్ మోటారు బండ్లను తెచ్చినాడను భయము ఆముండ్‌సెన్ మనస్సును తొలుచుచుండెను. అవి తనకంటె ముందు పోవునేమో! సూర్యుడు కనబడినది మొదలు అతనికి నిలుకడ లేదు. చలి ఇంకను తగ్గలేదని, ఇప్పుడు కదలరాదని అనుభవశాలియగు యోహాన్సెన్ హెచ్చరించెను. అతడు పూర్వము ఫ్రిత్యోఫ్ నాన్సెన్ అను మహాయాత్రికునితో ఉత్తరపు మంచుపై నడచినవాడు. ఆముండ్‌సెన్ వినలేదు. 1911 సెప్టెంబరు 8వ తేదీన ఏడుగురు సహచరులతో బయలుదేరెను.

కొన్ని దినములకే చలి సున్నకు దిగువ 56 డిగ్రీల వఱకు దిగెను. దిక్సూచులలోని ద్రవము గడ్డకట్టెను. కుక్కలు మంచుపై పాదము మోపలేకపోయెను, కొన్ని చచ్చెను. కొందఱి మడమలు చలికి కొఱికివేయబడెను. 80వ అక్షాంశమునందలి నిలువవఱకు పోయి, బరువులు దింపి, వెనుకకు మరలిరి. తిరుగుదారిలో నాయకుని తొందర మఱింత హెచ్చెను. బలమైన కుక్కలుగల బండ్లు ముందు పరుగిడెను. బలహీనులు వెనుక చిక్కిరి. ప్రెస్ట్రుడ్ అను యువకుడు మడమలు మొద్దుబాఱి, వంటకు పొయ్యియైన లేక ఆ చలిలో నిలిచిపోయెను. యోహాన్సెన్ అతనిని విడువక, వెంటబెట్టుకొని, నడిరేయి దాటిన పిమ్మట ఇల్లు చేర్చెను. మఱునాటి ఉదయమున అందఱి యెదుట అతడు నాయకుని నిలదీసి, సహచరులను వెనుక విడిచి వచ్చుట తగునా యని అడిగెను.

ఆముండ్‌సెన్ ఆ మాటను సహింపలేకపోయెను. యోహాన్సెన్‌ను ధ్రువయాత్ర నుండి తప్పించి వేఱొక ప్రదేశమును పరిశీలించుటకు నియమించెను. ఇది అతని చరిత్రలో కీర్తికరమైన ఘట్టము కాదు. కాని చెప్పినవానిని క్షమింపకున్నను, అతడు చెప్పినదానిని మఱువలేదు. ఇట్లు నెల దినములకు పైగా జరిగిపోయెను. మడమలు మానెను, చలి తగ్గెను. స్కాట్ ఎచ్చట నున్నాడో తెలియకున్నను, ఈ పర్యాయము ఋతువు తనకు అనుకూలించు వఱకు నాయకుడు వేచియుండెను.

అక్టోబరు 19వ తేదీన ఆముండ్‌సెన్, బ్యోలాండ్, హాన్సెన్, హాసెల్, విస్టింగ్ అను అయిదుగురు నాలుగు బండ్లతో, 52 కుక్కలతో మరల బయలుదేరిరి. ఇప్పటి నడక వేఱు. దినమునకు సుమారు 28 కిలోమీటర్లు పోవుట వారి నియమము. ఒక అక్షాంశమునకును మఱొక అక్షాంశమునకును నడుమ దూరము సుమారు 111 కిలోమీటర్లు గనుక, నాలుగు దినములకు ఒక అక్షాంశము చొప్పున లెక్క సరిపోవును. మంచు నునుపుగా నుండి కుక్కలు ఉత్సాహముగా నున్న దినమున ఈ దూరము అయిదాఱు గంటలలోనే ముగిసెడిది. ఇంకను పోగల శక్తి ఉండెను. పోవలయునను ఆశయు నుండెను. అయినను ఆగి గుడారము వేసెడివారు. ఎండిన మాంసమును క్రొవ్వుతో కలిపి చేసిన పెమ్మికన్ అను ఆహారమును వండుకొని తిని, కుక్కలకు మేపు పెట్టి, మిగిలిన కాలము నిద్రించెడివారు. పొగమంచు క్రమ్మి, గాలి ఎదురుకొట్టిన దినమునను సాధ్యమైనంతవఱకు నడక మానెడివారు కారు. మంచి దినమున అత్యాశపడకుండుటయు, చెడ్డదినమున నిరాశపడకుండుటయు వారి పద్ధతి.

ఈ పద్ధతివలన లాభమేమి? కుక్క యైనను, మనిషి యైనను ఒకనాడు మితిమీరి శ్రమించినచో, ఆనాడు గడించిన దూరమునకు మఱి రెండు దినములు వెల చెల్లింపవలసివచ్చును. అలసిన మనిషికి చలి త్వరగా సోకును. అలసిన కన్ను మంచులోని పగులును చూడజాలదు. అలసిన బుద్ధి దిక్కును తప్పించును. మిగిలియున్న బలమే ఆపద వచ్చినప్పుడు పనికివచ్చు ధనము. ఆముండ్‌సెన్ ఆ ధనమును దినదినము కూడబెట్టెను. బరువును తగ్గించుకొనుటకును, తిరుగుదారికి ఆధారముగ నుండుటకును అక్షాంశమున కొకటిగా నిలువలు దాచుచు పోయెను. దారి పొడవున మంచు దిమ్మెలతో మనిషి ఎత్తున 150 గుఱుతులు కట్టించెను. వానిని కట్టుటకు నిలిచిన ప్రతిసారియు కుక్కలకు ఊపిరి తీసికొను అవకాశము దొరకెను.

నవంబరు మాసమున ఎత్తైన పర్వతపంక్తి అడ్డమువచ్చెను. ఆక్సెల్ హైబెర్గ్ అని తరువాత పేరుపెట్టబడిన హిమనదము వెంబడి నాలుగు దినములు ఎక్కి, 3,000 మీటర్లకు పైబడిన పీఠభూమిని చేరిరి. నిలుపుకొన్న బలమంతయు అచ్చట వినియోగపడెను. ఆ శిఖరముపై ముందుగా వేసికొన్న లెక్క ప్రకారము 24 కుక్కలను చంపి, మిగిలినవానికిని తమకును ఆహారము చేసికొనవలసివచ్చెను. తమకై ఇంత బరువు లాగిన మూగప్రాణులను చంపుట ఆ మనుష్యులకును దుఃఖకరమే అయ్యెను. తుపాను వారిని అచ్చటనే కొన్ని దినములు నిలిపెను. పిమ్మట పగుళ్లతో నిండిన మంచునేలపై ప్రాణములు గుప్పిట బెట్టుకొని ముందునకు సాగిరి.

డిసెంబరు 8వ తేదీన వారు 88 డిగ్రీల 23 నిమిషముల అక్షాంశమును దాటిరి. 1909లో షాకిల్టన్ చేరిన స్థలమది. అంతకు పూర్వము దానికి దక్షిణముగా ఏ మానవుడును అడుగిడలేదు. ఇంక మిగిలినది సుమారు 176 కిలోమీటర్లు. అసలైన పరీక్ష ఇచ్చటనే. దిక్చక్రము మీద నల్లచుక్క కనబడిన ప్రతిసారియు అది స్కాట్ పాతిన జెండాయేమో యని గుండె దడదడలాడెడిది. రాత్రియు పగలును సూర్యుడు అస్తమింపని కాలము. నిద్రమాని నడచిన ఎవరును వలదనరు. సెప్టెంబరు మాసపు ఆముండ్‌సెన్ అయినచో అట్లే నడచియుండునేమో! కాని వారు ఆ దూరమును నడచుటకు ఆఱు దినములు తీసికొనిరి. లెక్క చూచినచో దినమునకు 29 కిలోమీటర్లు. గమ్యము కన్నుల యెదుట నున్నను నడక మాఱలేదు.

1911 డిసెంబరు 14వ తేదీ మధ్యాహ్నము మూడు గంటలకు వారు ధ్రువమును చేరిరి. అచ్చట జెండా లేదు, అడుగుజాడ లేదు, తెల్లని మంచు మాత్రమే కలదు. నాయకుడొక్కడే జెండా పాతలేదు. చలికి పగిలిన అయిదు చేతులు కలిసి ఆ కఱ్ఱను పట్టి నిలిపెను. మూడు దినములు అచ్చట నిలిచి, లెక్కలు సరిచూచుకొని, చిన్న గుడారమొకటి విడిచి తిరుగుదారి పట్టిరి. 1912 జనవరి 25వ తేదీ తెల్లవాఱుజామున అయిదుగురును క్షేమముగా ఫ్రామ్‌హైమ్ చేరిరి. వెంట 11 కుక్కలుండెను. 99 దినములలో సుమారు 3,000 కిలోమీటర్లు నడచిరి. దారిలో దాచిన ఆహారము కొంత తినకయే మిగిలిపోయెను.

స్కాట్ బృందము 1912 జనవరి 17వ తేదీన ధ్రువమును చేరి, నార్వే జెండాను చూచెను. వారు దారిలో అధికభాగము బండ్లను తామే లాగికొనుచు, దినమునకు తొమ్మిది పది గంటలు శ్రమించిరి. తిరుగుదారిలో అయిదుగురును మరణించిరి. చివరి ముగ్గురి గుడారము ఆహారపు నిలువకు కేవలము 18 కిలోమీటర్ల దూరమున నుండెను. వారి మరణమునకు కారణములనేకములు. చాలని ఆహారము, తఱిగిన చమురు, ఆ సంవత్సరపు దారుణమైన చలి అందులో కలవు. వారి ధైర్యమును శంకించువాడు లేడు. ప్రాణములు పోవుచున్న వేళ సైతము శాస్త్రపరిశోధనకై ఏరిన 16 కిలోల రాళ్లను వారు విడువలేదు. ఇరువురిలో ఎవరు వీరులని తర్కించుట వ్యర్థము. కాని ఒక విషయము స్పష్టము. ఒకరి లెక్కలో దుర్దినములకు చోటుండెను. మఱొకరి లెక్కలో అది చాలలేదు.

పిల్లలకు ధ్రువయాత్రలు చేయు అవసరము కలుగకపోవచ్చును. కాని ప్రతివానికిని తనదైన ధ్రువమొకటి ఉండును. ఒకనికి పరీక్ష, ఒకనికి సంగీతము, ఒకనికి పరుగుపందెము, మఱొకనికి కుటుంబమును నిలబెట్టు కోరిక. ఆ దారిలో దినమునకు ఇంత యని పనిని ఏర్పఱచుకొనవలయును. ఉత్సాహము పొంగినప్పుడు హద్దు మీఱరాదు; అది చల్లాఱినప్పుడు పూర్తిగ మానరాదు. నిద్ర, ఆహారము, ఆట అనునవి చదువునుండి దొంగిలించిన కాలము గావు; చదువును మోయు బండ్లవి. పొరుగువాడు ఎంత వేగముగ పోవుచున్నాడో యను భయముతో తన నడక మార్చుకొనరాదు. ఒడలు వెచ్చబడినను, తల తిరిగినను, చదివినది మనస్సున నిలువకున్నను అవి హెచ్చరికలని గ్రహించి పెద్దలకు చెప్పవలయును. తప్పుదారి పట్టితినని తెలిసినప్పుడు, ఆముండ్‌సెన్ సెప్టెంబరు మాసమున చేసినట్లు, వెనుకకు మరలుటకు సిగ్గుపడరాదు. అతడు చేయలేని పని యొకటి కలదు: నిజము చెప్పిన స్నేహితుని ఆదరించుట. దానిని కూడ మనము చేయగలిగిన మఱింత మేలు.

ఆముండ్‌సెన్ 1928వ సంవత్సరమున, ఉత్తరపు మంచు సముద్రముపై ఆపదలో చిక్కిన ఇటలీ దేశపు వైమానికుడు నోబిలేను వెదకుటకు విమానముపై పోయి, తిరిగిరాలేదు. ఆ విధముగా, ఇతరులను రక్షింపబోయి అతడు ప్రాణము విడిచెను. నేడు దక్షిణ ధ్రువమున శాస్త్రజ్ఞులు నివసించు పరిశోధనాలయ మొకటి కలదు. 1957వ సంవత్సరమునాటికి నిర్మింపబడిన ఆ నివాసమునకు ఆముండ్‌సెన్, స్కాట్ అను ఇరువురి పేర్లును కలిపి పెట్టబడినవి.

ప్రశ్నలు

1. బాల్యమున ఆముండ్‌సెన్‌కు కష్టమును గూర్చి గల అభిప్రాయమేమి? అది ఎట్లు మాఱెను?

2. ఫ్రామ్‌హైమ్‌లో చలికాలమును గడపిన విధమును వర్ణింపుము.

3. సెప్టెంబరు 8వ తేదీన బయలుదేరుట ఏల తప్పయ్యెను? ఆ తప్పును ఎత్తిచూపినవాడెవడు? అతనిపట్ల నాయకుని ప్రవర్తన సరియైనదేనా?

4. ధ్రువమునకు 176 కిలోమీటర్ల దూరమున నున్నప్పుడు సైతము వారు నడక వేగమును పెంచకుండుటకు కారణములు వ్రాయుము.

5. నీ వారపు చదువునకు ఒక పట్టిక వ్రాసికొనుము. అందులో దుర్దినములకు ఎంత చోటు విడిచితివో చూపుము.